రెండు వైపులా ఉన్నవాడు

"అయ్యని కొట్టేస్తావా? నా కళ్ళముందే నా కొడుకుని కొట్టేస్తావా?"

గరిటె పట్టుకుని వంటింట్లోంచి ఊడిపడింది బామ్మ. బల్ల దగ్గర చదువుకుంటున్న మనవరాలు బిత్తరపోయింది.

"అయ్యని కాదు బామ్మా, అయాన్‌ని! రేపు పరీక్ష. నాన్న నేర్పిస్తున్నారు."

కెమిస్ట్రీ మాస్టారైన నాన్న నెత్తిమీది కొత్త టోపీ సర్దుకుని, బడిగొంతు సవరించుకున్నాడు.

"ఉప్పునీళ్ళలో సిల్వర్ నైట్రేట్ నీళ్ళు పోస్తే సిల్వరూ క్లోరైడూ జట్టుకట్టి తెల్లగా అడుక్కి దిగుతాయమ్మా. సోడియం, నైట్రేట్ మాత్రం ముందెలా ఉన్నాయో తర్వాతా అలాగే! వేలు కదపవు. వాటిని ప్రేక్షక అయాన్లంటాం. సమీకరణంలో రెండు వైపులా కనిపిస్తాయి కనక రెండు వైపులా కొట్టేస్తాం."

"ఓస్! పెళ్ళికొచ్చి, తిని, తేన్చి, వెళ్ళిపోయే చుట్టాలన్నమాట! మరి కొట్టేస్తే ఎక్కడికి పోతాయిరా పాపం?"

"ఎక్కడికీ పోవు. అక్కడే నీళ్ళలో పడుంటాయి."

ఇంతలో అమ్మ ఫోను పట్టుకుని వచ్చింది. "సెలవుల టికెట్లు ఇప్పుడే తీసుకోవాలి. సముద్రానికే!"

"కొండకే!" దించిన గరిటె మళ్ళీ లేచింది.

"కొండెక్కితే మీ మోకాళ్ళని ఎవరు మోస్తారు అత్తయ్యా?"

"సముద్రంలో దిగితే నీ నోటికి అలలే బెదిరిపోతాయి! ఏరా, నువ్వు చెప్పు!"

"అవును, మీరే చెప్పండి!"

మాస్టారికి ఈ ప్రయాణం ఏడాది కల. టోపీ కొన్నది అందుకే. కొండైనా సరే, కడలైనా సరే, కదిలితే చాలు. కానీ నోరు విప్పితే ఎవరో ఒకరితో చెడుతుంది. ఆయనకి రసాయనశాస్త్రం కన్నా రాజీశాస్త్రం బాగా వచ్చు.

"అమ్మ చెప్పిందీ నిజమే. నువ్వు చెప్పిందీ నిజమే," అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పేపరుకి అవతల మాటలు కుతకుతలాడాయి, పొంగాయి, మెల్లగా చల్లబడ్డాయి. సముద్రం పక్కనే కొండున్న ఊరొకటి దొరికింది. అత్తాకోడళ్ళు ఒకటైపోయారు. మధ్యలో "మరి మేడమీది మొక్కలో?" అని ఎవరో అన్నట్టు కూడా వినిపించింది.

"టికెట్లు తీసెయ్ తల్లీ," అంది అమ్మ, కూతురికి ఫోను అందిస్తూ. ఫోను టింగుమంది.

మాస్టారు హుషారుగా పేపరు దించాడు. "కిటికీ సీటు నాది! ఏదీ, చూపించు... ఇదేంటే, మూడే ఉన్నాయి? నాదేది?"

"గొడవకి ముందూ ఇదే టోపీ, ఇదే నవ్వు. గొడవయ్యాకా ఇదే టోపీ, ఇదే నవ్వు," అంది కూతురు. "రెండు వైపులా ఉన్నారని కొట్టేశాను నాన్నా."

"కొట్టేస్తే? మరి నేనెక్కడికి పోవాలి?"

బామ్మ గరిటె పక్కన పెట్టి, మొక్కలకి నీళ్ళు పోసే డబ్బా తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"ఎక్కడికీ పోనక్కర్లేదురా. ఇక్కడే నీళ్ళలో పడుండు."