ఇరవై ఏడు నెలల సెలవు

"మీ అమ్మగారు పోయారు దొరా!" కచేరీ గడప దాటుతూనే బావురుమన్నాడు మావ్ తింగ్‌ఫూ.

భూముల పటం మీద వంగి ఉన్న జిల్లా అధికారి ఛూ యన్‌లీ తలెత్తాడు. చేతిలోని కుంచె పక్కన పెట్టాడు.

మావ్ ఆ జిల్లాలో పెద్ద భూస్వామి. అతని పొలాల్లో సగం సర్కారు లెక్కకెక్కలేదు. వాటి పన్ను పేదరైతుల నెత్తిన పడుతోంది. ఛూ వచ్చాక ప్రతి చేనూ తాడు పెట్టి కొలిపిస్తున్నాడు. రేపు మావ్ పొలాల వంతు. కానీ తల్లి పోతే ఎంతటి అధికారైనా కొలువు వదిలి, సొంత ఊళ్లో ఇరవై ఏడు నెలలు మైల పట్టాల్సిందే. కొత్త అధికారి వస్తే తాడు అటకెక్కుతుంది. నిజం చెప్పొద్దూ, ఈ కబురు మావ్‌కి పండగే.

"ఎప్పుడు?" అన్నాడు ఛూ.

"పదిరోజులైంది. వరదలకు దారులు తెగాయిగా, మీకెవరు చెబుతారు? పట్టు బేరానికి మీ ఊరెళ్లి, పడవ పట్టుకుని ఎలాగో తిరిగొచ్చాను. శవపేటిక మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి."

టీ తెచ్చిన ముసలామె మావ్ వైపు గిరుక్కున తిరగడంతో కూజా తొణికింది. నాలుగు చుక్కలు మావ్ పట్టు అంగీ మీద పడ్డాయి.

"కళ్లు కనబడ్డంలేదూ ముసలీ!"

ఛూ లేచి, కూజా అందుకుని తనే టీ పోశాడు. నౌకర్లను నెత్తికెక్కించుకునే ఈ చాదస్తుడి పీడ ఇవాళ్టితో విరగడవుతుందని మావ్ లోలోపల మురిసిపోయాడు.

"సెలవు అర్జీకి కళ్లారా చూసినవారి సాక్ష్యం జతచేయాలి. చెబుతారా?" అని అడిగాడు ఛూ.

"అంతకంటే పుణ్యమేముంది!"

గుమాస్తా కాగితం పరిచాడు. మావ్ చెప్పుకుపోయాడు, అతను రాసుకుపోయాడు.

"కడసారి ఏమైనా అందా?" ఛూ మెల్లగా అడిగాడు.

"అనకేం దొరా! 'ఆ తాళ్లూ కొలతలూ కట్టిపెట్టి మావాణ్ణి ఇంటికి రమ్మను' అంది మహాతల్లి. నా చేతిలో చెయ్యేసి మరీ అంది."

అది కూడా కాగితానికెక్కింది. మావ్ మొత్తం చదివించుకుని, తృప్తిగా తల ఊపి, అడుగున ఎర్రగా తన ముద్ర అద్దాడు.

ముసలామె ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నేనెప్పుడన్నానయ్యా ఆ మాట?"