మగ్రిబ్ లోపు కేకు

గల్ఫ్ ఊరు అల్ ఖౌద్‌లోని ఫ్లాటులో శుక్రవారం నాలుగింటికే బెల్లు మోగింది. లాస్య పుట్టినరోజు పార్టీ ఏడింటికి. గుమ్మంలో నర్సు కెజియా, పక్కన గిఫ్టుతో ఆమె కూతురు, లాస్య క్లాసుమేటు జెమీమా.

"పోయినేడు సుత గిఫ్టు గుమ్మంలనే ఇచ్చి పోయిన్రు," బెలూను ముడేస్తూ అంది లాస్య తల్లి శ్రీవాణి. "మా ఇంట్ల తినరా ఏంది? క్లాసు మొత్తాన్ని పిలవాలని బడి రూలు. నేనైతే ఒక్కర్ని ఇడువలే."

"అయ్యో, అదేం కాదండీ. ఇవాళ సూర్యుడు దిగితే మాకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, మొదలు. రేపు సాయంత్రం దాకా పార్టీలకి వెళ్లం. మసీదులో పొద్దుగూకే మగ్రిబ్ బాంగు వినపడేసరికి ఇంట్లో ఉండాలి."

"మరి చెప్పాలె గదా!"

"పుట్టినరోజు మీ పాపది. టైము మార్చమని ఎలా అడుగుతామండీ?"

లాస్య జెమీమా చెయ్యి పట్టుకుంది. "జెమీమా లేకుంటే నేను కేకు కొయ్య."

"మొండి చెయ్యకు బిడ్డా," సోఫాలోంచి అన్నాడు తండ్రి లింబాద్రి. "ఏడింటికి వచ్చేటోళ్లకు కోసిన కేకు పెడ్తమా?"

జెమీమా తలొంచుకుని గిఫ్టు ముందుకు చాపింది.

శ్రీవాణి అందుకోలేదు. అందరినీ పిలిచానని ఇన్నాళ్లూ గర్వపడింది. ఏ వేళకు పిలిచిందో చూసుకోలేదు.

ఫోను తీసి క్లాసు తల్లుల గ్రూపులో రాసింది: "మా ఏసీ ఆగిపోయింది. కేకు కరుగుతోంది. అందరూ వెంటనే రండి."

నెత్తిమీద చల్లగా వీస్తున్న ఏసీని లింబాద్రి అయోమయంగా చూశాడు.

"చూస్తవేంది? బంద్ జెయ్యి," అంది శ్రీవాణి. "సబ్బాతు ముంగట అబద్ధం ఎందుకు?"