శుక్రవారం కబురు

వీధిలో బెల్లం లారీ గుర్రుమంది. ఇంకేముంది, చిన్నమ్మలు ఎనిమిది నెలల పొట్ట పట్టుకుని మంచం కిందికి దూరింది.

"లారీయేనే పిచ్చిదానా! జపానోళ్ల బాంబులు పడ్డది ఇశాపట్నంలో, అనకాపల్లిలో కాదు," అంది అత్త బుల్లమ్మ.

పడి పది రోజులైంది. పెనిమిటి త్రినాధరావు అక్కడే, హార్బరులో కూలి. ఉన్నాడో లేడో కబురు లేదు. చిన్నమ్మలుకు ముద్ద దిగడం లేదు. నిన్నటి నుంచి కడుపులో బిడ్డ కదలడం లేదు.

"నీ బెదురంతా బిడ్డకెక్కుతాదే," అని మంత్రసాని తలుపులమ్మ తిట్టి పోయింది. దాంతో ఉన్న బెదురు రెండింతలైంది.

అప్పుడొచ్చింది సకీనాబీ, భుజాన గాజుల మలారంతో. బాంబులకు ఊరొదిలి వచ్చినావిడ. ఈ వీధిలో ఎవరూ ఎరగరు.

"త్రినాధరావు పెళ్లానివి నువ్వేనా బేటీ? నా కొడుకు ఆదం, మీ ఆయన ఒక్కకాడే పని. ఇద్దరూ బాగున్నారని మా ఆదం కబురెట్టేడు. నీకు గాజులెయ్యమన్నాడంట మీ ఆయన."

రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు తొడిగి, ఆ చేతుల్ని పొట్ట మీద గలగలమనిపించింది.

"ఇన్నాళ్లూ బిడ్డ నీ గుండె దడే ఇంది. కాసేపు ఇది ఇననీ."

ఆ పూట చిన్నమ్మలు గంజి తాగింది. పొద్దు వాలేసరికి బిడ్డ తన్నింది.

అప్పట్నుంచి శుక్రవారం శుక్రవారం కబురే.

"మీ ఆయన సిక్కేడంట గానీ, నవ్వు పోలేదంట."

అయిదో వారం "సేపల పులుసు లొట్టలేసుకు తిన్నాడంట" అనేసరికి, బుల్లమ్మ ఆవిణ్ణి గుమ్మం బయటికి ఈడ్చింది.

"సిన్నప్పుడు ముల్లు గుచ్చుకున్న కాడ్నించి నా కొడుకు సేప ముట్టడు! గాజులమ్ముకోడానికి ఎన్ని అబద్దాలే!"

సకీనాబీ గొంతు తగ్గించింది.

"పురుడయ్యేదాకా ఆ పిల్లకి సెప్పకమ్మా."

మళ్లీ ఆ వీధిలో కనపడలేదు.

మరుసటి శుక్రవారం కోడలికి కబురు బుల్లమ్మే చెప్పింది, మొహం అటు తిప్పుకుని.

ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా. పదకొండో నాడు త్రినాధరావు గుమ్మంలో నిలబడ్డాడు. మిలటరీ వాళ్లు ఇన్నాళ్లూ కదలనివ్వలేదట.

బుల్లమ్మ కొడుకును తడిమి తడిమి చూసుకుంది.

"సేపలు ఎప్పుడు మొదలెట్టేవురా? మీ ఆదం వాళ్లమ్మ ఊరంతా సెప్పింది," అని దెప్పింది.

త్రినాధరావు బిడ్డను ఎత్తుకున్నాడు.

"సేపల పులుసంటే పేణం పెట్టీది ఆదమే అమ్మా. బాంబు పడ్డ నాడే పోయేడు... నేనే మోసుకెళ్లి ఆళ్లమ్మ ముందు దించేను."