నెమ్మది ప్లగ్గు

"ఎవర్నడిగి వెనక్కి పంపావే ఆ చార్జర్ని?" ఎలక్ట్రిక్ టాక్సీ దిగుతూనే వర్సితో అనే ఆ డ్రైవరు పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "కారుతోపాటు ఊరికే ఇచ్చారు! మూడు గంటల్లో నిండేది. ఈ మామూలు ప్లగ్గుకి తెల్లారుతుంది. రాత్రిపూట జకార్తా ఎయిర్‌పోర్టు ట్రిప్పులు మీ నాన్న తోలతాడా?"

"తెల్లారాలనే పంపేశాను," ఎండాంగ్ చీపురు విసిరికొట్టింది. "కారు కదలకపోతేనే నువ్వు పడుకుంటావు."

"నాకేం నిద్ర తక్కువైంది?"

సొట్టపడ్డ ఊచల గేటుని ఆమె అరచేత్తో ఫట్‌మని చరిచింది.

"మొన్న దీన్ని గుద్ది, పిల్లి అడ్డొచ్చిందని వీధంతా చెప్పుకున్నావు. ఏ పిల్లీ లేదు. ఊచల్లోంచి చూశాను, నీ కళ్లు మూసుకుపోయున్నాయి. గేటు తీద్దామని ఇవతల నిలబడ్డది నేనే."

అతను ఆ మామూలు ప్లగ్గే తీసుకెళ్లి కారుకి పెట్టాడు.