ప్రాగ్‌లో పోపు

వీడియో చిన్నదే. అయినా హైమావతి దాన్ని మళ్లీ మొదటినుంచి పెట్టించింది.

సింగపూర్‌లోని బిషాన్‌లో కాత్యాయని వాళ్ల కాండో అపార్ట్‌మెంట్లు, కింద ఫంక్షన్ రూమ్‌లో తెలుగు ఆడవాళ్ల మీటింగు. టీవీలో ప్రాగ్ నగరం. రాళ్లు పరిచిన సన్నటి వీధి, వందల ఏళ్లనాటి హోటలు, దాని ముందు ఫైరింజను. పొద్దుటి చలికి దుప్పట్లు కప్పుకుని వణుకుతున్న దొరలు, దొరసానులు. వాళ్ల మధ్య అటు తిరిగి నిలబడ్డ ఒకావిడ. పూల నైటీ, నెత్తిన హోటలు వాళ్ల తువ్వాలు, పక్కన ఇద్దరు పిల్లలు.

“గదిలో పోపు పెట్టిందట మహాతల్లి! పొగకి అలారం మోగి హోటలు హోటలంతా రోడ్డున పడింది” అంది హైమావతి.

వీడియో తీసింది శ్రీలేఖ తమ్ముడు, అతనూ అదే హోటల్లో దిగాడు. మొహాలు అతనికి కనబడలేదు. ఒక్క మాట మాత్రం వినబడింది. “అమ్మా, పోపు వద్దని ఐ టోల్డ్ యూ లా!” అని ఎవరో పిల్ల గొంతు. పోపు అన్నారు కాబట్టి తెలుగువాళ్లు. లా అన్నారు కాబట్టి సింగపూర్ వాళ్లు. వారం రోజులుగా వాట్సాప్ గ్రూపులో ఇంకో మాట లేదు.

“సాంబారట కదా?” అంది శ్రీలేఖ.

“సాంబారు కాదు, చారు. కుక్కర్ గిన్నెలోనే నూనె కాచి, ఎండుమిర్చీ ఇంగువా మాడ్చింది.”

వంట సంగతుల్లో హైమావతికి ఎదురు చెప్పే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

ఈ మనుషుల్ని యూరప్ రమ్మని ఎవరేడ్చారు అనిపిస్తుంది ఆమెకి. పిల్లలకి పాత నగరం చూపిస్తామని బయల్దేరతారు. కోట ముందు ఐస్‌క్రీమ్ కోసం ఏడుపు, వంతెన మీద ఫోను కోసం కొట్లాట, గదికి రాగానే చారన్నం. ఆ మాత్రానికి ప్రాగ్ దాకా ఎందుకు? రైలెక్కి లిటిల్ ఇండియాలో దిగితే సరిపోదూ?

“ఎవరో ఇవాళ తేలాలి” అంది.

తేల్చడం అంత తేలిక కాదు. ప్రయాణం ముందే చెబితే దిష్టి తగులుతుందని ఇక్కడ అందరికీ భయం. ఎవరూ నోరు విప్పరు. తిరిగొచ్చి గ్రూపులో ఫోటోలు గుప్పించాకే ఎక్కడికెళ్లారో తెలుస్తుంది. జూన్ సెలవుల ఫోటోలన్నీ వెతికారు. కాత్యాయని వాళ్లది బాలి. శ్రీలేఖది జపాన్. హైమావతిని ఎవరూ అడగలేదు. ఊరి నుంచి తెచ్చానంటూ ఆమె తిప్పిన కాజాల డబ్బా అప్పటికే సగం ఖాళీ అయింది.

“మా అమ్మాయి వర్షిత ఏదో చెప్పింది. కల్పన వాళ్లబ్బాయి ప్రాగ్‌లో పెద్ద గడియారం చూశాడట” అంది కాత్యాయని.

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు.

కల్పన చివరి కుర్చీలో ఉంది. పక్క పేట ఆంగ్ మో కియో నుంచి ప్రతి ఆదివారం వచ్చి, ఇదే గదిలో వీళ్ల పిల్లలకి తెలుగు నేర్పుతుంది. గోడకున్న అక్షరాల చార్టులు ఆమె చేత్తో రాసినవే. వారమంతా ఆ గంట కోసమే ఎదురుచూస్తుందని అందరికీ తెలుసు.

“వెళ్లామక్కా. కానీ మేం వియన్నాలో ఉన్నాం. ప్రాగ్ ఒక్క పూటే. సాయంత్రం రైలెక్కేశాం.”

“మరి ఫోటోలేవమ్మా?” అంది హైమావతి.

“పెట్టడం అలవాటు లేదక్కా.”

హైమావతి పకపకా నవ్వింది. “యూరప్ వెళ్లి ఫోటో పెట్టని ఆడది ఈ సింగపూర్‌లో ఉందా? తప్పు చేస్తే తప్ప!”

మిగతావాళ్లూ నవ్వారు.

“పోనీ, కుక్కర్ పట్టుకెళ్లావా లేదా? అది చెప్పు.”

కల్పనకి అబద్ధం చెప్పడం రాదు. “పట్టుకెళ్లాను. పిల్లలకి పెరుగన్నం కోసం. కానీ పోపు...”

“విన్నారుగా!”

ఇంక ఎవరూ ఏమీ వినలేదు. ఆ నైటీ లిటిల్ ఇండియాలో కొన్నదే, కల్పనకీ అలాంటిదుందని ఒకరన్నారు. అలాంటిది అందరి ఇళ్లల్లోనూ ఉంది. ఆ మాట ఎవరూ అనలేదు.

“మనవాళ్ల పరువు తీసి, నోరు మూసుకుని కూర్చుందండీ ఇన్నాళ్లూ! రేపు మన పిల్లలకి పద్ధతులు నేర్పేది ఈవిడా?” అంది హైమావతి.

కాత్యాయని ఇబ్బందిగా కదిలింది. “క్లాసు కొన్నాళ్లు ఆపుదాంలే కల్పనా.”

కల్పన లేచి, గోడ మీది చార్టులు ఒక్కొక్కటే ఊడదీసింది. చుట్ట చుడుతూ మోచేత్తో కళ్లు తుడుచుకుంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి చూసింది. ఎవరైనా ఆగమంటారేమో అనుకుంది పాపం. శ్రీలేఖ కాజా కొరుకుతోంది.

ఏడుపొకటి మళ్లీ, అనుకుంది హైమావతి. చేసేవి చేసి కన్నీళ్లు పెట్టుకుంటే జాలిపడేవాళ్లెవరూ లేరిక్కడ. చదువుకున్న మనుషులకి ఆ మాత్రం సిగ్గుండాలి. తప్పు చేసినవాళ్లు నలుగురి ముందూ ఒప్పుకుంటే ఏం పోతుంది?

మీటింగంతా మూలన కూర్చుని ఫోన్ చూసుకుంటున్న పెద్ద కూతురు ప్రణవిని లేపి, రైలు స్టేషన్ వైపు నడిచింది. ఆమె ఒళ్లు తేలికైనట్టుంది. వారం తర్వాత మొదటిసారి ఆకలి కూడా వేసింది. దారిలో దోసె తిందామా అని కూతుర్ని అడిగింది.

ప్రణవి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది.

“మమ్మీ, అందరూ కల్పన ఆంటీయే అనుకుంటున్నారు కదా, ఇంక మన ప్రాగ్ ఫోటోలు పెట్టేస్తా, కెన్ ఆర్ నాట్?”