రేపు చెబుతానన్న పాఠం

కామేశం మాస్టారికి,

ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్న మాట రాస్తున్నాను. మీరు నన్ను మోసం చేశారు.

మా అరుగు మీద కూర్చుని మా మనవరాలికి ఇంగ్లీషు చెప్పేవారు. వారం వారం మీ ఇంటికి చక్రకేళి గెల పంపాను. "వాంట్ పక్కన టూ రావాలమ్మా, ఎంజాయ్ పక్కన ఇంగ్ రావాలి. రెండూ ఒప్పుకునే మాటలు రేపు చెబుతా" అన్నారు. మర్నాడు రాలేదు. చెప్పాపెట్టకుండా భీమవరంలో ఏదో కాన్వెంటులో చేరిపోయారు.

"పోనీండి తాతగారూ, గైడు చూసి చదువుకుంటాను" అంది పిల్ల. పాసైంది కూడా. నా బాధ దాని గురించి కాదు.

కిటికీ ఇవతల పడక్కుర్చీలో కళ్లు మూసుకున్న నేను నిద్రపోవడం లేదని, నేనూ పాఠం నేర్చుకుంటున్నానని మీకు తెలుసు. "గట్టిగా చదవమ్మా, రాజుగారికి వినపడాలి" అని మీరు గుసగుసగా అనడం నా చెవిన పడింది. నా పరువు అంత కాపాడిన మనిషి, నన్ను సగంలో ఎలా వదిలేశారండీ?

ఆ మిగిలిన పాఠం చెప్పడానికి మళ్లీ రండి. ఈసారి నా కుర్చీ అరుగు మీదే, మీ ఎదురుగా వేస్తాను. వస్తారో రారో కార్తీక పౌర్ణమిలోగా రాయండి.

సుబ్బరాజు,
రావులపాలెం