వానపాము పాదముద్ర

నేను గాడిదని. అడవి గ్రంథాలయంలో ఏనాడూ పుస్తకం ముట్టకపోయినా, బాకీలు వసూలు చేసే నక్క గుడ్లురిమి అడగ్గానే రెండు మోపుల గడ్డి జరిమానా కట్టేశాను.

తర్వాత నక్క వానపాము మీద పడింది.

"ఏమోయ్, పుస్తకం తీసుకుని మూడేళ్లయింది. జరిమానా కట్టు, లేదంటే ఈ తడినేల జప్తు చేస్తా!"

తడినేల పోతే వానపాము ఎండకి ఒక్క పూట బతకదు. అయినా నెమ్మదిగానే అడిగింది.

"నేనే తీసుకున్నానని రుజువేదండీ?"

"ఇదిగో, రిజిస్టర్లో నీ పాదముద్ర!"

"నాకు కాళ్లెక్కడున్నాయి బాబూ?"

నక్క రిజిస్టర్ మూసేసి వెనుదిరిగింది.

"ఆగండాగండి. బాకీ లేదని రాసిచ్చి, కింద మీ పాదముద్ర వేసి వెళ్లండి," అంది వానపాము.

నక్క రాసిచ్చి, పాదముద్ర వేసింది. నేను ముందుకాళ్లు వంచి వానపాముకి దణ్ణం పెట్టాను.